గట్టిమేళంలో గురి

నిశ్శబ్దంగా ఉన్న గదిలో నిలబడి గురి చూసి కొట్టేవాళ్ళని నేను షూటర్లుగా గుర్తించను. వాళ్ళు ఏమనుకున్నా సరే, ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

ఏసీ హాలు, కాలికింద మెత్తటి మ్యాట్, తలుపు మూస్తే బయటి ప్రపంచం మాయం. అలాంటి చోట గురి కుదరకపోతే ఆశ్చర్యపడాలి గానీ కుదిరితే చప్పట్లెందుకు? అందులో గొప్పతనమంతా ఆ తలుపు బిగించిన వడ్రంగిది. అసలైన గురి చూడాలంటే చెన్నైకి ఈ ఉత్తరపు చివర, మా తొండియార్‌పేటకి రండి. పక్కవాడు చెవిలో అరిచినా వినపడని చోట, పది సెకన్లలో ఐదు గుళ్ళు ఐదు చోట్ల తగిలించే పిల్లని చూపిస్తాను. మోత ఒక వరమని, నిశ్శబ్దం పిల్లల్ని పాడుచేస్తుందని ఆ తర్వాత మీరే ఒప్పుకుంటారు.

తుపాకుల గురించి చెప్పడానికి నువ్వెవరివయ్యా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను జార్జి టౌన్‌లో ఒక పెళ్ళి పత్రికల షాపులో పనిచేస్తాను. తుపాకీ పట్టింది జీవితంలో ఒక్కసారి, బీచ్‌లో బెలూన్లు కొట్టే స్టాల్ దగ్గర. రెండు గుళ్ళు కాల్చాక స్టాల్ యజమాని నెమ్మదిగా వెళ్ళి బెలూన్ల ముందు నిలబడ్డాడు. చుట్టుపక్కల అంతకన్నా క్షేమమైన చోటు అతనికి కనపడలేదు.

మా ప్రీతి నాలాంటిది కాదు. ఒక్కతే కూతురు, బీకాం చదువుతోంది. కాలేజీలో ఏదో క్యాంపులో సరదాగా గాలి పిస్టల్ పట్టుకుంది, ఇక వదల్లేదు. ఈ ఏడాది రాష్ట్ర జూనియర్ టీములో చోటు కావాలని పట్టుబట్టింది. వచ్చే ఏడాదికి జూనియర్ వయసు దాటిపోతుంది కాబట్టి ఇప్పుడు కాకపోతే మళ్ళీ లేదు. మూడేళ్ళుగా ఆ పిల్ల వేరే ఏదీ అడగలేదు, సినిమా కూడా.

ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పది మీటర్ల దూరంలో ఒక వరసలో ఐదు నల్ల బిళ్ళలు ఉంటాయి. చెయ్యి కిందికి దించి నిలబడాలి. టైమర్ బీప్ అంటుంది. అప్పుడు చెయ్యి ఎత్తి, పది సెకన్లలో ఐదింటినీ పడగొట్టాలి. నిదానిస్తే టైమ్ అయిపోతుంది, హడావిడి పడితే గుండు గోడకి పోతుంది. పొంగే పాలని, అవి పొర్లక ముందే, వేలు కాల్చుకోకుండా దించడం లాంటిదేగా అని మా ఆవిడ రాజలక్ష్మి తేల్చేసింది. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఈ విద్య నేర్పేది జెబ మేడమ్. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉండగా పతకాలు కొట్టి, రిటైరయ్యాక మా పేట పిల్లలకి నేర్పుతానని కూర్చుంది. అడ్డం లేకుండా పది మీటర్లు పొడవున్న గది కోసం పేటంతా గాలించింది. ఒక్కటే దొరికింది. కల్యాణ మండపం మేడమీద, విరిగిన కుర్చీలు, పాత జంబుఖానాలు పడేసే గది. కుర్చీలు ఒక మూలకి నెట్టి, అటు గోడకి ఇనపరేకు బిగించి, మేడమ్ దాన్ని షూటింగ్ రేంజ్ చేసింది.

ఎంత అదృష్టమో చూడండి! మెట్లు దిగితే పెళ్ళి, మెట్లెక్కితే పిస్టల్.

ఇక అక్కడ దొరికే శిక్షణ గురించి. వీధిలో హార్బరుకి పోయే కంటైనర్ లారీలు వరసగా నిలబడి ఉంటాయి. ముందున్న లారీ కదలదని వెనకున్న లారీకి తెలుసు. అయినా హారన్ కొడుతుంది. ఆ హారన్‌కి కిటికీ అద్దాలు, అద్దాలతో పాటు ప్రీతి మోచెయ్యి వణకాలి. మొదట్లో వణికేది. ఆరు నెలల్లో అద్దం ఒక్కటే వణకడం మిగిలింది. ఏ ఏసీ హాలు ఈ పాఠం చెప్పగలదు?

కింద జనరేటర్ ఉంటుంది. అది నడిచినంతసేపు మేడమీద నేల బస్సు ఫుట్‌బోర్డులా అదురుతుంది. రిసెప్షన్ సాయంత్రాల్లో పాటకచ్చేరి. పాడేవాళ్ళు పాడకముందు ఒకాయన "హలో, హలో, చెక్" అని మైకుని పరీక్షిస్తాడు. ఆ మైకు బాగానే ఉందని మా వీధి చివర బధిరుల స్కూలు వాచ్‌మన్ కూడా చెప్పగలడు, ఆయన మాత్రం నమ్మడు. పెళ్ళికొడుకు కారు దిగితే పదివేల వాలా టపాకాయల దండ పేలుతుంది. వాళ్ళు పేల్చేది పది నిమిషాలు, మేడమ్ ఇచ్చేది పది సెకన్లు. ఎవరి చేతికి ఎక్కువ నిగ్రహం కావాలి?

తమిళుల ఆడి నెలలో పెళ్ళిళ్ళుండవు కదా, అప్పుడు పిల్ల చెడిపోదా అని మీరు కంగారు పడవచ్చు. అక్కర్లేదు. మండపం మూసేస్తే ఎదురుగా అమ్మవారి గుడి మైకు తెరుచుకుంటుంది. పైగా గాలి ఇటు తిరిగితే పక్కనున్న మనలి ఫ్యాక్టరీల వాసన ఉచితం. చెవికి మండపం, ముక్కుకి మనలి. ఒక్క ఫీజుకి రెండు ఇంద్రియాలకీ ట్రైనింగ్ ఎక్కడుంది చెప్పండి.

చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవచ్చుగా అని తెలివైన పాఠకులు అంటారు. పెట్టుకుంటుంది. హారన్‌ని అవి కొంత ఆపుతాయి. డోలు చెవిలోంచి వస్తే కదా ఆపడానికి! అది నేలలోంచి, అరికాళ్ళలోంచి, పొట్టలోంచి వస్తుంది. అరికాలికి ప్లగ్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

జెబ మేడమ్ మంచి మనిషే గానీ ఈ భాగ్యం విలువ ఆమెకి తెలియదు. "ఒక్క గంట, ఒక్కటంటే ఒక్క గంట సైలెన్స్ కావాల సార్ పిల్లలకి" అని పదవుల్లో ఉన్న పెద్దవాళ్ళ చుట్టూ తిరిగింది. ఒక పెద్దాయన చాలా ప్రేమగా విని, మీ పేటకి ఆటల హాలు వస్తుందని చెప్పాడు. రావడం కూడా మొదలుపెట్టింది. శంకుస్థాపన రాయి వచ్చింది, రాయి పక్కన టీ కొట్టు వచ్చింది. మిగతా హాలు దారిలో ఉంది. ఆ కంటైనర్ లారీల వెనక ఇరుక్కుని ఉంటుంది.

ఇలా సాగుతుండగా ఒక గొడవ వచ్చింది. మేడమీద పిల్లలు కొట్టే గుళ్ళ చప్పుడు కింద పెళ్ళివాళ్ళకి వినపడుతోందట! వాళ్ళ మోత మాకు వినపడడం కాదు, మా చప్పుడు వాళ్ళకి వినపడడం. తాళి కట్టే సమయానికి పైనుంచి టప్ టప్‌మని ఐదు చప్పుళ్ళు వచ్చాయని, అది అపశకునమని ఒక పెళ్ళికూతురి మేనమామ మండపం మేనేజర్ సెంథిల్ చొక్కా పట్టుకున్నాడు.

సెంథిల్ చొక్కా సర్దుకుని ఆలోచించాడు. గట్టిమేళం ఎందుకు వాయిస్తారో మీకు తెలుసు. ముడి వేసే క్షణాన ఎవరో తుమ్మినా, ఏ పిల్లో ఏడ్చినా పెళ్ళికొడుకు చెవిన పడకుండా డోలూ నాదస్వరం ఒక్కసారిగా విజృంభిస్తాయి. పురోహితుడు వేలెత్తి ఊపుతాడు, మేళం అందుకుంటుంది. తుమ్ముని కప్పేది తుపాకీని కప్పదా అన్నది సెంథిల్ సిద్ధాంతం.

డోలు వాయించే చిన్నసామిని పిలిచాడు. మేడమెట్ల పక్కనే చిన్నసామి కూర్చుంటాడు కాబట్టి టైమర్ బీప్ అతనికి బాగా వినపడుతుంది. బీప్ వచ్చిందంటే ఆ వెంటనే గుళ్ళు వస్తాయి. కాబట్టి బీప్ వినపడగానే గట్టిమేళం. పురోహితుడి వేలుకి ఒకటి, మేడమీది బీప్‌కి ఒకటి. చిన్నసామి తలూపాడు. ముప్పై ఏళ్ళుగా వేలు చూసి వాయించినవాడికి బీప్ ఒక లెక్కా?

మరుసటి ముహూర్తం నుంచి మొదలైంది. మేడమీద బీప్, కింద డోలు, పైన ఐదు గుళ్ళు. ఏ పెళ్ళివాళ్ళూ ఫిర్యాదు చేయలేదు. మేళం మధ్యమధ్యలో ఎందుకు అలా రెచ్చిపోతోందో తెలియక, మంచి ఉషారైన పార్టీ అని చిన్నసామిని మెచ్చుకుని, ఇంకో రెండు పెళ్ళిళ్ళకి మాట్లాడుకున్నారు కూడా.

నిరుడు వైకాశి నెలలో ఒక పెళ్ళి జరిగింది. రాహుకాలం పోయాక ముహూర్తం. పురోహితుడు మంత్రాల మధ్యలో ఉన్నాడు. ఫొటోగ్రాఫర్‌కి తొందర. ముడి వేసేటప్పుడు జనం అడ్డం వస్తారు, ముందే ఒక పోజు తీసుకుందాం అని, పెళ్ళికొడుకు చేతికి తాళి ఇప్పించి, పెళ్ళికూతురి మెడ దాకా తెప్పించి, "అట్లే ఉండండి సార్, నవ్వండి" అన్నాడు. పెళ్ళికొడుకు నవ్వాడు.

మేడమీద బీప్ అంది.

చిన్నసామి డోలు అందుకున్నాడు. నాదస్వరం అందుకుంది. చేతిలో తాళి, ఎదురుగా మెడ, చెవిలో గట్టిమేళం. పెళ్ళికొడుకు ఇంకేం చేస్తాడు? మూడు ముళ్ళూ వేసేశాడు. జనం అక్షింతలు వేసేశారు. పురోహితుడు రెండు చేతులూ ఊపుతూ ఆపమన్నాడు. వేలు ఊపితేనే మేళం అందుకునేవాళ్ళు, రెండు చేతులూ ఊపితే ఆపుతారా? ఇంకా రెచ్చిపోయారు.

పెళ్ళయిపోయింది, రాహుకాలం ఇంకా పోలేదు.

ఆ గొడవ మూడు వీధుల దాకా వినపడింది. మొత్తం మీద అందరూ చిన్నసామి మీద పడ్డారు. "బీప్ వస్తే కొట్టమన్నారు, కొట్నా. బీప్‌కి రాహుకాలం ఉండాదని నాకెవురు చెప్పినారు?" అన్నాడతను. చివరికి, ఇప్పుడు కట్టింది ఫొటో కోసమేనని, అసలుది ముహూర్తానికి పసుపుతాడుతో మళ్ళీ కట్టిస్తానని పురోహితుడు సర్దిచెప్పాడు. ఆ దంపతులు మొన్న మా షాపుకి వచ్చారు, బిడ్డకి పేరు పెట్టే పత్రిక కోసం. చక్కగా ఉన్నారు. ఒకటికి రెండుసార్లు కట్టిన ముడి మరి.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది వాళ్ళ సంగతి కాదు. ఆ బీప్‌కి మేడమీద నిలబడి ఉన్నది మా ప్రీతి. ఐదుకి ఐదూ పడగొట్టింది, టైమ్ ఇంకా మిగిలింది. అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆ పిల్ల వెనక్కి చూడలేదు. డోలు మొదలైతే చాలు, చెయ్యి దానంతట అదే లేచేది. డోలు దెబ్బకీ దెబ్బకీ మధ్య ట్రిగ్గర్ పడేది. వేగం డోలు ఇచ్చింది, గురి డోలు ఇచ్చింది. చిన్నసామికి కోచ్ సర్టిఫికెట్ ఇవ్వకపోవడం అన్యాయమని నేను బహిరంగంగానే అన్నాను.

పోయిన నెల మొదటి సెలెక్షన్ ట్రయల్ జరిగింది. ఊరికి దక్షిణాన, మా పేట నుంచి రెండు రైళ్ళు, ఒక ఆటో ఎక్కితే వచ్చే రేంజ్‌లో. జెబ మేడమ్‌తో పాటు నేనూ వెళ్ళాను.

అంత భయంకరమైన చోటు నేను చూడలేదు. చుట్టూ చెట్లు. హాల్లోకి వెళ్ళి తలుపు వేస్తే నా చొక్కా జేబులో తాళంచెవుల చప్పుడు నాకే వినపడింది. గోడ మీద "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు. పాటించడానికి అక్కడ ఇంకేం మిగిలింది? నాకు దగ్గు వచ్చింది. దగ్గితే అందరూ తిరిగి చూశారు. మా పేటలో నేను ఇరవై ఏళ్ళుగా దగ్గుతున్నాను, ఒక్కరు కూడా గమనించలేదు. అక్కడి పిల్లలు ఆ నిశ్శబ్దంలో తమ ఇంట్లో ఉన్నట్టు తిరుగుతున్నారు. పాపం, వాళ్ళకి జీవితంలో ఒక్క డోలు కూడా అందలేదు.

ప్రీతి లైన్‌లో నిలబడింది. చెయ్యి దించింది. బీప్ అంది.

చెయ్యి లేచింది గానీ, గుండు రాలేదు. పక్క పిల్లల గుళ్ళు పడుతున్నాయి. మా పిల్ల చెయ్యి చాపి, దేనికోసమో ఎదురుచూస్తూ నిలబడింది. ఆమె దేనికోసం చూస్తోందో ఆ హాలు మొత్తానికీ ఇద్దరికే తెలుసు, నాకూ జెబ మేడమ్‌కీ. తేరుకుని కొట్టేసరికి మూడే పడ్డాయి. తర్వాతి సిరీస్‌లో హడావిడి పడింది, రెండు గోడకి పోయాయి. ఆ తర్వాతవి మీకు చెప్పను.

తిరిగొచ్చేటప్పుడు రైలెక్కాం. బేసిన్ బ్రిడ్జి స్టేషన్ దాటాక ప్రీతి అంది.

"నైనా, ఆడ నా గుండె కొట్టుకునేది నాకు వినిపించింది."

ఊ కొట్టాను.

"గుండె దెబ్బకీ దెబ్బకీ నడుమ ట్రిగ్గర్ నొక్కాలని మేడమ్ ఎప్పుడూ చెప్తా ఉంటుంది. నేను సరే సరే అనేదాన్ని. ఈడ ఎప్పుడైనా వినపడితే కదా, అది ఏందో తెలిసేదానికి. ఇయ్యాళే ఫస్ట్ టైమ్ విన్నా. అంత సౌండా నైనా అది? భయమేసింది. దాన్ని ఏం చెయ్యాలో తెలీలా."

ఇరవై ఏళ్ళ పిల్ల. తన గుండె చప్పుడు తను మొదటిసారి వినడానికి రెండు రైళ్ళు, ఒక ఆటో ఎక్కాల్సివచ్చింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోను, బాగానే ఏడ్చాను. రైలు మోతలో ఎవరికీ వినపడలేదు. చూశారా, మోత వల్ల అదొక లాభం.

అయినా నేను నా సిద్ధాంతం వదులుకునే మనిషిని కాను. లోపం మోతది కాదు, ఆ హాలుది. కాబట్టి అధికారులకి నా విన్నపం ఇది. రాష్ట్రంలో ప్రతి షూటింగ్ రేంజ్‌లోనూ ఒక జనరేటర్, నాలుగు కంటైనర్ లారీలు, బీప్‌కి ఒక డోలు, నాదస్వరం తప్పనిసరి చేయాలి. చెట్లు కొట్టేసి అక్కడ మండపం కట్టాలి. దక్షిణం పిల్లలకీ ఉత్తరం పిల్లలకీ సమాన అవకాశాలు అంటే అదే. అది కష్టమనుకుంటే రెండో దారి ఉంది. మా పేటలో ఒక గది, దానికి ఒక మంచి తలుపు. ఆలోచించుకోండి, మాకేం తొందర లేదు. ఆ శంకుస్థాపన రాయి ఎక్కడికీ పోదు.

ప్రీతికి మాత్రం తొందర ఉంది. రెండో ట్రయల్ వచ్చే నెలలో. రెండింట్లో ఏది బాగుంటే అదే లెక్కలోకి తీసుకుంటారట. అందుకని మొన్న నేను మండపం ఆఫీసుకి వెళ్ళి, ఆ ట్రయల్‌కి ముందుగా, ఆవణి నెలలో మంచి ముహూర్తమున్న ఆదివారం ఒకటి చూసి హాలు బుక్ చేశాను. సెంథిల్ సంబరపడి పెన్ను తీశాడు.

"సంతోషం సార్. పొణ్ణు పేరు?"

"ప్రీతి."

"మన పాపకేనా! మాప్పిళ్ళ పేరు చెప్పండి."

"పెళ్ళికొడుకు లేడు."

సెంథిల్ పెన్ను ఆగింది. "మేళం?"

"వద్దు."

"జనరేటర్, మైకు, వంటవాళ్ళు?"

"ఎవరూ వద్దు. గేటుకి తాళం వెయ్యి."

అతను కుర్చీ నాకు దగ్గరగా లాక్కుని, గొంతు తగ్గించాడు. "సార్, పెళ్ళి నిలిచిపోయిందా?"

చెప్పాను. ఆ ఒక్కరోజు ప్రీతికి మేడమీద నిశ్శబ్దం కావాలన్న సంగతి అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. హాలు తీసుకుని ఏమీ చేయకపోవడం అనే ఏర్పాటు అతని సర్వీసులో లేదు. పక్కనే స్తంభానికి ఆనుకుని వింటున్న చిన్నసామి మాత్రం లేచి వచ్చాడు. "నేను పొద్దున్నే వచ్చి గేటుకాడ కూచుంటాన్నా. హారన్ కొట్టినోడి కాళ్ళు పట్టుకోనైనా ఆపుతా" అన్నాడు. పిల్లకి గురి ఇచ్చింది తనేనని ఇన్నాళ్ళూ పేటంతా చెప్పుకున్న మనిషి. నా ముఖంలోకి చూడలేక నేల చూస్తూ అన్నాడు.

ఒక్కరోజు నిశ్శబ్దంతో ఏమవుతుందని జెబ మేడమ్‌ని అడిగాను. "పరిచయమన్నా అవుతుంది సార్" అంది.

హాలు తీసుకున్నాక పత్రిక లేకపోతే ఎలా? అందులోనూ ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి. మా షాపులో నేనే అచ్చు వేయించాను. పసుపు అంచు, మధ్యలో వినాయకుడు, అన్నీ పద్ధతి ప్రకారమే. అందరికీ పంచలేను కాబట్టి ఇక్కడ ఇస్తున్నాను. దీన్నే స్వయంగా వచ్చి పిలిచినట్టుగా భావించాలి.

శ్రీరస్తు, శుభమస్తు. వచ్చే ఆవణి ఆదివారం ఉదయం, తొండియార్‌పేట కల్యాణ మండపం మేడమీద మా ఏకైక పుత్రిక చి. ప్రీతి తన గుండె చప్పుడు వినడానికి పెద్దలు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా ఎవరిళ్ళలో వారుండి, లారీలు గలవారు లారీలు ఆపి, మైకులు గలవారు మైకులు కట్టేసి, మా అమ్మాయిని ఆశీర్వదించ ప్రార్థన. విందు లేదు. మేళం శ్రీ చిన్నసామి, డోలు ఇంట్లో పెట్టి వస్తారు.

రాకుండా ఉండలేనివాళ్ళు గేటు దగ్గర చిన్నసామి పక్కన, మాట్లాడకుండా నిలబడవచ్చు. చెవి పెట్టి వింటే మేడమీది నుంచి ఒక బీప్, దాని వెనక ఐదు చిన్న చప్పుళ్ళు వినపడతాయి. ఇన్నేళ్ళూ మా పిల్లలు అక్కడే ఉన్నారు.